కుంకుమ కుంకుమలా కనబడే లాప్‌టాప్

ప్రశ్న: సార్, మాది తెనాలి. నాన్న ఇరవయ్యేళ్ళుగా డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నారు. నేను బీటెక్ చదివాను గానీ షాపులో కూర్చుని శుభలేఖలు, ఫ్లెక్సీలు చేస్తూ చేస్తూ డిజైన్ మీద ఇష్టం పెరిగింది. సీడ్ పరీక్ష రాసి ఐఐటీ హైదరాబాద్‌లో ఎం.డిజైన్ సీటు తెచ్చుకున్నాను. తెలుగు అక్షరాల మీద పనిచేయాలని ఉంది. ఇప్పుడు లాప్‌టాప్ కొనాలి. నాన్న 80 వేల దాకా ఇస్తానన్నారు, అంతకు మించితే కష్టం. గ్రాఫిక్స్ కార్డు లేకుండా డిజైన్ ఏంటి, గేమింగ్ లాప్‌టాప్ తీసుకో అంటాడు తమ్ముడు. డిజైనర్ అన్నాక మాక్‌బుక్ ఉండాల్సిందే అంటుంది నా ఫ్రెండ్. డాలస్‌లో ఉన్న మావయ్య వచ్చే నెల వస్తున్నారు, అక్కడ చవగ్గా కొని తెస్తానంటున్నారు. నాన్నేమో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో సెకండ్ హ్యాండ్ చూద్దామంటున్నారు. పెళ్ళిళ్ళ సీజన్‌లో షాపు పని కూడా నేనే చూడాలి. ఒకటే టెన్షన్. ఏం కొనమంటారు?

జవాబు:

ముందు సీటొచ్చినందుకు అభినందనలు. వయసులో చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నీకు సలహా ఇచ్చిన నలుగురిలో ఎవరినీ తప్పుపట్టలేను. తమ్ముడికి గేమ్స్ పిచ్చి, ఫ్రెండ్‌కి మాక్ ముచ్చట, మావయ్యకి మేనకోడలి మీద ప్రేమ, నాన్నకి ఇంటి ఖర్చు. నీ ఉత్తరంలో నాకు పనికొచ్చిన మాటలు మాత్రం వేరే: శుభలేఖలు, ఫ్లెక్సీలు, తెలుగు అక్షరాలు. నువ్వు చేసేది చివరికి కాగితం మీదో, ఫ్లెక్సీ గుడ్డ మీదో, ఎవరి ఫోన్‌లోనో తేలుతుంది. ఇక్కడ కనబడిన రంగే అక్కడా కనబడాలి. అందుకని నా లెక్కలో మొదటి డబ్బు తెరకి, రెండో డబ్బు ర్యామ్‌కి, అంటే తెరిచిన ఫైళ్ళు పని జరిగేంతసేపూ ఉండే మెమరీకి. గ్రాఫిక్స్ కార్డు సంగతి ఆ తర్వాత, అదీ డబ్బు మిగిలితే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఇందులో నా చేతులు ఒకసారి కాలాయి. పదిహేనేళ్ళ కిందటి మాట. మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళికి శుభలేఖ నేనే చేస్తానని ఒప్పుకున్నాను. అప్పుడు నా దగ్గరున్నది అంగట్లో అన్నిటికంటే చవకగా దొరికిన లాప్‌టాప్. లేత పసుపు నేల, దాని మీద కుంకుమ రంగులో పేర్లు, పైన మామిడాకుల తోరణం. పసుపు వెలిసినట్టు అనిపిస్తే ఇంకాస్త ముదురు చేశాను. కుంకుమ చాల్లేదని ఇంకాస్త ఎరుపు, దానిలో ఇంకాస్త నలుపు కలిపాను. చివరికి తెర మీద చూస్తే కళ్ళకద్దుకోవచ్చు. ఐదొందల కార్డులు అచ్చయి వచ్చాయి. కట్ట విప్పితే నేల ఆవపిండి రంగు, పేర్లు ఎండిన నెత్తురు రంగు. పెద్దమ్మ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, ఇది పెళ్ళికా, పెద్దకర్మకా అంది. ప్రెస్ ఆయన్ని నిలదీయబోయాను. "ఫైల్లో ఏ అంకెలున్నాయో అవే వేశాం సార్. మీ స్క్రీన్ మీద ఏం కనబడిందో మాకేం తెలుసు?" అన్నాడు. ఆయన మాటే నిజం. వెలవెలబోయే తెర ముందు కూర్చుని, లేని లోపాన్ని సరిదిద్దుతూ పోయాను.

అలాంటి తెరలు ఇప్పటికీ అమ్ముతున్నారు. లాప్‌టాప్ వివరాల పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో "ఎన్‌టీఎస్‌సీ 45 శాతం" అని ఉంటే అది ఆ తెరే. ఎన్‌టీఎస్‌సీ అన్నది 1953లో అమెరికావాళ్ళు కలర్ టీవీ కోసం పెట్టుకున్న కొలత. కాలం చెల్లి ఎన్నాళ్ళయినా కంపెనీలు దాన్ని వదల్లేదు. నీకు కావలసిన కొలత ఎస్‌ఆర్‌జీబీ. వెబ్‌సైట్లు, ఫోటోలు, మామూలు ఫైళ్ళు చాలావరకు ఆ రంగుల పరిధిలోనే తిరుగుతాయి. ఎస్‌ఆర్‌జీబీ మొత్తం చూపాలంటే ఎన్‌టీఎస్‌సీలో 72 శాతం రావాలి. 45ని 72తో భాగించు. 62, 63 శాతం వస్తుంది. అంటే పరిధిలో మూడో వంతుకు పైగా ఆ తెరకి అందనే అందదు. అందనివేమిటంటే నిండు ఎరుపులు, చిలకపచ్చలు, నెమలికంఠం నీలాలు. మన పెళ్ళిపందిట్లో ఉండేవన్నీ అవే.

కాబట్టి "ఎస్‌ఆర్‌జీబీ 100 శాతం" అని రాసి ఉన్న లాప్‌టాపే చూడు. రంగుల శాతం ఎక్కడా రాయకపోతే 45 అనే అనుకో. మంచి తెర పెట్టినవాడు ఆ సంగతి దాచుకోడు. ఇంకో మాయ ఉంది. ఒకే పేరుతో, ఒకే డబ్బాలో, ఒక రకం 45 శాతం తెరతో, ఇంకో రకం 100 శాతం తెరతో వస్తాయి. తేడా అంతా మోడల్ నంబరు చివర ఉండే అక్షరాల తోకలో ఉంటుంది. బిల్లు మీద ఆ తోక కూడా పూర్తిగా రాయించుకో. వెలుతురు 300 నిట్స్‌కి తగ్గకూడదు. 16:10 ఆకారం తెర అయితే ఫోటోషాప్ టూల్స్ పోను పనికి కాస్త చోటు మిగులుతుంది.

ఓఎల్‌ఈడీ తెరల సంగతి నువ్వు అడగలేదు గానీ, షాపువాడు తప్పకుండా చూపిస్తాడు. చూడగానే పడిపోతావు కూడా. నలుపు నిజంగా నల్లగా, ఎరుపు నిప్పులా ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే ఆ తెరల పరిధి ఎస్‌ఆర్‌జీబీ కంటే పెద్దది. సెట్టింగ్‌లలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టుకోకపోతే నీ కుంకుమ నీకొక్కదానికే నిప్పులా కనబడుతుంది, కస్టమర్ ఫోన్‌లో చప్పగా ఉంటుంది. నేను పడిన గోతికి ఇది అవతలి గట్టు. పైగా రోజుకి పది గంటలు ఫోటోషాప్ ప్యానెళ్ళు కదలకుండా ఒకేచోట ఉంటే కొన్నేళ్ళకి వాటి నీడ తెర మీద మిగిలిపోయే ప్రమాదం ఉంది. కొందరికి తక్కువ బ్రైట్‌నెస్‌లో కళ్ళు లాగుతాయి. దొరికితే వద్దనను. ఐపీఎస్ రకం ఎల్‌సీడీ తెర దొరికితే దానికే నా ఓటు.

షాపుకి వెళ్ళేటప్పుడు చేతులూపుకుంటూ వెళ్ళకు. ఆఫ్‌సెట్‌లో వేసిన, మీ నాన్న బాగా వచ్చిందని దాచుకున్న మల్టీకలర్ శుభలేఖ ఒకటి ఉండే ఉంటుంది. అది, దాని పీడీఎఫ్ ఉన్న పెన్‌డ్రైవ్, రెండూ పట్టుకెళ్ళు. తెర మీద తిరుగుతున్న డెమో వీడియో ముందు ఆపించు. నల్లటి నేల మీద మెరిసే చేపలు, రంగునీళ్ళు ఎంత పనికిమాలిన తెర మీదైనా బాగానే కనబడతాయి. తెరని పసుపుగా మార్చే నైట్ లైట్ ఆఫ్ చేయించు, బ్రైట్‌నెస్ మరీ కళ్ళు చెదిరేలా కాకుండా కార్డు కాగితం తెల్లదనానికి దగ్గరగా ఉండేట్టు దించు. పీడీఎఫ్ తెరిచి కార్డు పక్కన పెట్టి చూడు. అచ్చం ఒకేలా ఉండవు. కాగితం తన మీద వెలుతురు పడితే కనబడుతుంది, తెర తనే వెలుగుతుంది. సీఎంవైకేలో, అంటే అచ్చుకి వాడే నాలుగు ఇంకుల పద్ధతిలో, వచ్చే కొన్ని నీలాలు ఎస్‌ఆర్‌జీబీకి అందవు కూడా. అయినా కుంకుమ కుంకుమలా, పసుపు పసుపులా ఉండాలి. కుంకుమ ఇటుక రంగులో కనబడితే ఆ మోడల్ అక్కడే వదిలెయ్. తర్వాత పేజీ మొత్తం మామూలు బూడిద రంగు ఉన్న ఫైల్ తెరిచి, తల అటూ ఇటూ వంచి చూడు. తలతో పాటు రంగూ మారుతుంటే అదీ వద్దు. షాపువాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఇక ర్యామ్. దీనికి లెక్క మీ షాపులోనే ఉంది. నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ ఒకటి తీసుకో. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు, 72 రిజల్యూషన్, అంటే అంగుళానికి 72 పిక్సెళ్ళు. వెడల్పు 240 అంగుళాలు, అంటే 17,280 పిక్సెళ్ళు. ఎత్తు 120 అంగుళాలు, 8,640 పిక్సెళ్ళు. గుణిస్తే దాదాపు 15 కోట్లు. సీఎంవైకేలో పిక్సెల్‌కి నాలుగు బైట్లు. కాన్వాస్ నిండా పరుచుకునే ఒక్క లేయర్‌కే 600 ఎంబీ. వెనక ఆకాశం ఒక లేయరు, మీద వెలుగు ఒకటి, పార్టీ రంగు ఒకటి, నాయకుడి నిలువెత్తు బొమ్మ, పైన వరసగా పెద్దల తలకాయలు, కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ళ పాస్‌పోర్టు ఫోటోలు ఓ ఇరవై. ఆఖరి నిమిషంలో మా బావమరిది ఫోటో కూడా పెట్టమ్మా అంటూ ఒకాయన వస్తాడు. అన్‌డూ కోసం ఫోటోషాప్ దాచుకునే పాత రూపాలు వీటికి అదనం. పొరపాటున 300 రిజల్యూషన్ పెట్టావంటే 17 రెట్లు, ఒక్క లేయరుకే 10 జీబీ దాటిపోతుంది.

అందుకే 8 జీబీ వైపు చూడనే చూడొద్దు. 16 జీబీ కనీసం. 32 దొరికి బడ్జెట్ దాటకపోతే కళ్ళు మూసుకుని తీసుకో. "ఇప్పుడు 8తో కొనండి, తర్వాత వేయించుకోవచ్చు" అని షాపులో చెబుతారు. రెండు కారణాలతో వినకు. సన్నటి లాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డు మీదే అతికించి ఉంటుంది, తర్వాత మార్చడం కుదరదు. ఎల్‌పీడీడీఆర్ అని రాసి ఉంటే అతికించినదనే అనుకో. స్లాట్ ఉన్నా, ఏఐ డేటా సెంటర్లు చిప్పులన్నీ ఎగరేసుకుపోవడంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. తర్వాత వేయించుకునేది ఇప్పటికంటే చవకని నమ్మకం పెట్టుకోకు. ర్యామ్ చాలనప్పుడు ఫోటోషాప్ ఎస్‌ఎస్‌డీని, అంటే ఫైళ్ళు దాచే డిస్క్‌ని, వాడుకుంటుంది, కాబట్టి 512 జీబీ తీసుకుని ఎప్పుడూ 100 జీబీ ఖాళీగా ఉంచు. రెండో ఎస్‌ఎస్‌డీకి ఖాళీ స్లాట్ ఉందేమో అడుగు. అది ఉంటే చాలా మేలు.

మీ తమ్ముడి మాట. ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్, ఫిగ్మా, నువ్వు చేసే ఫోటోషాప్ పని, వీటికి ఇప్పటి ప్రాసెసర్లలో కలిసి వచ్చే గ్రాఫిక్స్ సరిపోతుంది. విడి కార్డు ఉంటే కొన్ని ఫిల్టర్లు చురుగ్గా నడుస్తాయి, అంతే. బ్లెండర్‌లో త్రీడీ రెండర్లు, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో బరువైన పని, వీడియో ఎడిటింగ్ రోజూ చేసేవాళ్ళకి మాత్రం కార్డు ఉండాల్సిందే. నీ ఉత్తరంలో వాటి ఊసే లేదు. పైగా గేమింగ్ లాప్‌టాప్ ఛార్జర్ ఇటుకంత ఉంటుంది, మొత్తం కలిపి మూడు కిలోలకు అటూ ఇటూ. హాస్టల్ నుంచి స్టూడియోకి రోజూ మోసేది నువ్వు, మీ తమ్ముడు కాదు. వాటిలో చవక రకాల్లో సెకనుకి 144 సార్లు మారే తెర పెట్టి, రంగులు మాత్రం అదే 45 శాతం ఇస్తుంటారు. గేమ్‌లో శత్రువు చొక్కా కుంకుమా, ఇటుకా అన్నది ఎవడికి కావాలి? తమ్ముడు అంతకీ వినకపోతే ఇది అడుగు: ఆర్‌టీఎక్స్ 4050 అన్న ఒకే పేరు మీద గ్రాఫిక్స్ కార్డులు 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఉన్నాయి, నువ్వు చెప్పేది ఎన్ని వాట్లది? వాడికీ కాసేపు పని దొరుకుతుంది.

ప్రాసెసర్ గురించి ఎక్కువ చెప్పను. ఇంటెల్‌లో కోర్ ఐ5 అయితే 12వ తరం, ఆపైన. లేదా కోర్ అల్ట్రా 5. చివర హెచ్ ఉంటే జోరు ఎక్కువ, యు ఉంటే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. ఏఎండీ రైజెన్ 7000 సిరీస్‌లో ఒక్క మెలిక ఉంది: మూడో అంకె చూడాలి. 7520యు అని ఉంటే పేరు కొత్తదే, లోపలున్నది 2019 నాటి జెన్ 2 తరం సరుకు. మూడో అంకె 3 అయితే జెన్ 3, 4 అయితే జెన్ 4. 2 ఉన్నది వదిలెయ్, మిగిలినవి నీ పనికి చాలు.

మాక్ సంగతి ఇంత తేలిక కాదు, ఎందుకంటే మీ ఫ్రెండ్ మాటలో నిజముంది. 2025 మార్చిలో ఎం4 మాక్‌బుక్ ఎయిర్ మన దేశంలో 99,900 రూపాయలకి వచ్చింది, విద్యార్థులకి 89,900. ఆ ధరకి 16 జీబీ ర్యామ్, ఎక్కడా వంక పెట్టలేని తెర, రోజంతా వచ్చే బ్యాటరీ. ఫ్యాన్ లేదు కాబట్టి చప్పుడు కూడా ఉండదు. నేను షాపుకి వెళ్ళి కార్డు పక్కన పెట్టి చూడమన్న పరీక్ష దీనికి అవసరం లేదు. లోటల్లా స్టోరేజీ 256 జీబీ, అది తర్వాత పెరగదు. పైగా నాన్న గీసిన గీత దాటుతుంది.

కానీ నీ విషయంలో అసలు అడ్డంకి డబ్బు కాదు, డీటీపీ షాపుల్లో వాడే పాత తెలుగు ఫాంట్లు, అవే అను ఫాంట్లు. మీ షాపులో ఇరవయ్యేళ్ళ ఫైళ్ళు ఏ ఫాంట్లలో ఉన్నాయో నేను చూడకుండానే చెప్పగలను. వాటితో టైపు చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ సరుకు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7 వచ్చింది 2001లో, ఇప్పటి మాక్‌ల మీద అది తెరుచుకోదు. కోరల్‌డ్రాకి 2019 నుంచి మాక్ వెర్షన్ ఉంది, అయినా అందులో అను అక్షరాలు టైపు చేయాలంటే మళ్ళీ మొదటికే. మాక్‌లో విండోస్ నడిపే ఉపాయాలు లేకపోలేదు. మాఘమాసంలో, రాత్రి పదకొండుకి, పొద్దున్నే ప్రెస్‌కి వెళ్ళాల్సిన శుభలేఖలో ముహూర్తం మార్చమని పెళ్ళికొడుకు తండ్రి ఫోన్ చేసినప్పుడు ఆ ఉపాయాలతో కుస్తీ పట్టే ఓపిక నీకుంటుందా?

దీనికి అవతలి వైపు కూడా చెప్పాలి. నువ్వు అక్షరాలు వాడటంతో ఆగక, కొత్త తెలుగు ఫాంటే గీయాలనుకుంటే, టైప్ డిజైనర్లు ఎక్కువగా వాడే గ్లిఫ్స్ అనే సాఫ్ట్‌వేర్ మాక్‌లో మాత్రమే నడుస్తుంది. ఫాంట్‌ల్యాబ్ రెండిట్లోనూ నడుస్తుంది, డబ్బు పెట్టాలి. ఫాంట్‌ఫోర్జ్ ఉచితం, విండోస్‌లోనూ నడుస్తుంది, కాస్త మొండిది. రెండేళ్ళ కోర్సులో నువ్వు ఫాంట్ల వైపే పూర్తిగా వెళతావని ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. సీజన్ పని మాత్రం ఈ ఏడాదీ ఉంటుంది, వచ్చే ఏడాదీ ఉంటుంది. అందుకని ఇప్పటికి విండోస్ తీసుకో అంటాను. ఫాంట్ల మీద మొదటి అడుగులు ఫాంట్‌ఫోర్జ్‌లో వెయ్యి, గ్లిఫ్స్ కావలసి వస్తే డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో మాక్ దొరుకుతుందేమో సీనియర్లని అడుగు. షాపు పని పూర్తిగా మానేసి ఉంటే మాత్రం, ఎలాగోలా ఇంకాస్త డబ్బు కూడదీసుకుని మాకే కొనమనేవాణ్ణి.

పక్కనే ఒక చిన్న సంగతి. కొత్త లాప్‌టాప్‌లో ఫోటోషాప్ వేసి యూనికోడ్‌లో, అంటే ఫోన్లు, వెబ్‌సైట్లు వాడే అక్షరాల పద్ధతిలో, "స్త్రీ" అని టైపు చేస్తే అక్షరం విడిపోయి వత్తులు పక్కన కూర్చుంటే, లాప్‌టాప్‌లో ఏదో తేడా ఉందని కంగారు పడకు. ఫోటోషాప్ అక్షరాల సెట్టింగ్‌లలో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకో. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లో టైప్ అన్న చోట ఇండిక్ ఆప్షన్స్ టిక్ పెట్టి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో సౌత్ ఏషియన్ కంపోజర్ పెట్టాలి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్. అను నుంచి యూనికోడ్‌కి మారడానికి ఈ రెండేళ్ళే మంచి సమయం. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, దించుకుని పెట్టుకో.

నాన్న చెప్పిన సీటీసీ నాకూ ఇష్టమైన చోటే. ప్యారడైజ్ దగ్గర బస్సు దిగి ఆ మెట్లెక్కితే సాయంత్రం దాకా దిగబుద్ధి కాదు. థింక్‌ప్యాడ్ పి, ప్రెసిషన్, జెడ్‌బుక్ లాంటి పెద్ద ఆఫీసుల యంత్రాలు మూడు నాలుగేళ్ళు వాడి అమ్మేసినవి అక్కడ దొరుకుతాయి, గట్టివి కూడా. అయితే విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ 8వ తరానికి తగ్గకూడదు. ఆఫీసువాళ్ళు పెట్టిన బయోస్ పాస్‌వర్డ్, అంటే విండోస్ కంటే ముందే అడిగేది, తీసేశారో లేదో అక్కడే చూడాలి. విండోస్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయించి, కొత్తప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు ఎంత పడుతోంది, రెండంకెలూ పక్కపక్కన చూడాలి. ఇవన్నీ సరిగా ఉన్నా నాకు తెర మీదే అనుమానం. ఏళ్ళ తరబడి వెలిగిన తెర కొంత మసకబారుతుంది, రంగు కూడా జారుతుంది. షాపులో రెండో సిస్టం కావాలంటే నాన్న నిశ్చింతగా అక్కడ కొనుక్కోవచ్చు. నీకు మాత్రం కొత్తదే.

మావయ్య తెస్తానన్నది వద్దను, నొచ్చుకోకుండా. పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రయాణికుడు ఒక లాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. ఆయన భుజానికి ఆఫీసు లాప్‌టాప్ ఒకటి ఎటూ ఉంటుంది. రెండోది ఎయిర్‌పోర్టులో ప్రశ్న అవుతుంది. డాలస్‌లో కొంటే 8.25 శాతం సేల్స్ టాక్స్, అది చూపించే ధర మీద అదనం. మాక్‌కి అయితే వారంటీ ఇక్కడా చెల్లుతుంది. విండోస్ కంపెనీల్లో చాలావాటికి కొన్న దేశంలోనే వారంటీ. రెండో సెమిస్టర్‌లో కీబోర్డు పోతే దాన్ని డాలస్‌కి పంపిస్తావా?

ఇప్పుడు కొనే పద్ధతి. ఇవాళే కొనకు. కాలేజీలో చేరి, ఐడీ కార్డు, కాలేజీ ఈమెయిల్ చేతికొచ్చాక కొను. అడోబీ విద్యార్థుల ధర, ఫిగ్మా ఉచిత ఎడ్యుకేషన్ ప్లాన్, కంపెనీల స్టూడెంట్ డిస్కౌంట్లు అన్నీ ఆ ఈమెయిల్ అడుగుతాయి. అడోబీ ధర మొదటి ఏడాది తక్కువగా ఉండి రెండో ఏడాది పెరుగుతుంది, అది లెక్కలో పెట్టుకో. సీనియర్లతో రెండు రోజులు కూర్చుంటే ఏ పేపర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ వాడతారో తెలిసిపోతుంది. సాలిడ్‌వర్క్స్ లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్ ఎవరైనా అడిగితే అది విండోస్‌లోనే నడుస్తుంది, మనం తీసుకుంటున్నదీ అదే కాబట్టి బెంగ లేదు. రెండు వారాలు ఆలస్యమైతే కొంప మునగదు, డిజైన్ చదువులో కాగితం, పెన్సిల్‌తో ఎటూ చాలా పని ఉంటుంది.

చదువుకి బ్యాంకు లోను పెడుతుంటే లాప్‌టాప్ కూడా అందులో పెట్టమను. కోర్సుకి అవసరమైన కంప్యూటర్ ఖర్చు ఎడ్యుకేషన్ లోన్ మోడల్ స్కీమ్‌లో ఉన్నదే. మేనేజర్ తనంతట తాను చెప్పకపోవచ్చు, నువ్వే అడగాలి. షాపు నుంచి నీ పేరు మీద కొటేషన్ తీసుకెళ్ళు. అప్పుడు నాన్న ఇస్తానన్న 80 వేలు వేరే ఖర్చులకి మిగులుతాయి.

ఎనభైలో లాప్‌టాప్‌కి 68 దాకా పెట్టు. ఐడియాప్యాడ్ స్లిమ్ 5, స్విఫ్ట్ గో, వివోబుక్ ఎస్, పెవిలియన్ ప్లస్, ఈ పేర్ల దగ్గర వెతకడం మొదలెట్టు. ఏది తీసుకున్నా మోడల్ తోక చూడటం, కార్డు పక్కన పెట్టి చూడటం మాత్రం మానకు. ధరలు వారానికో తీరుగా ఉన్నాయి కాబట్టి ఫలానాదే కొనమని నేను ఇక్కడ రాస్తే, నువ్వు చదివేసరికి అది తప్పవుతుంది. మిగిలిన 12 వేలల్లో ముందు ఒక ఎక్స్‌టర్నల్ డ్రైవ్. ప్రతి ఆదివారం దానికి బ్యాకప్ తీసి, ఆ డ్రైవ్‌ని లాప్‌టాప్ ఉన్న బ్యాగులో కాకుండా వేరేచోట పెట్టు. తర్వాత మూడేళ్ళ వారంటీ, నీళ్ళు ఒలికినా కప్పేది అయితే మరీ మంచిది. హాస్టల్లో టీ గ్లాసు ఎక్కడ పెడతారో నాకు తెలుసు.

లాప్‌టాప్ వద్దన్నామని మావయ్య చిన్నబుచ్చుకుంటే, పెన్నుతో తెర మీద గీయడానికి వాడే పెన్ టాబ్లెట్ తెమ్మను. చిన్నది చాలు, వాకమ్ అయినా, హ్యూయాన్ అయినా. సూట్‌కేసులో బట్టల మధ్య పడుకుంటుంది, పాడవడానికి లోపల పెద్దగా ఏమీ ఉండదు. మౌసుతో "ఱ" గీయడానికి ఒకసారి ప్రయత్నించి చూడు, ఆ టాబ్లెట్ ఎందుకు తెమ్మన్నానో అప్పుడు తెలుస్తుంది.